మనం చేస్తే పట్టుదల, వాడు చేస్తే మొండితనం: ఇంగ్లీషు లోపలి లెక్కలు

ఇంగ్లీషు గురించి మనవాళ్లలో గట్టిగా నాటుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ఆ భాషలో నువ్వు, మీరు, తమరు అనే పేచీ లేదు, కలెక్టరుకైనా కలెక్టరు కారు తుడిచే కుర్రాడికైనా ఒకటే యూ, అందుకని అది మనుషుల్ని సమానంగా చూసే భాష అని. తెలుగులో కొత్త మనిషితో మాట కలపాలంటే వయసెంత, హోదా ఏంటి, వరసేంటి అని క్షణంలో లెక్క వేసుకోవాలి, క్రియ చివర ఏం పెట్టాలో ఆ లెక్కే చెబుతుంది. ఆ బాధ ఇంగ్లీషులో లేదన్న మాట నిజమే. కానీ సర్వనామంలోంచి ఎక్కువతక్కువలు తీసేస్తే మాట్లాడేవాళ్ల బుర్రలోంచి కూడా పోతాయా? పోవు. ఆ ఇల్లు ఖాళీ చేసి పక్కవీధిలో దిగుతాయి. ఆ పక్కవీధి ఎక్కడుందో తెలియకపోతే ఎన్నేళ్లు ఇంగ్లీషు మాట్లాడినా ఎదుటివాళ్లు తనని ఎలా చూస్తున్నారో మనిషికి అంతుపట్టదు.

నిజానికి ఇంగ్లీషుకీ ఒక 'నువ్వు' ఉండేది. 'దౌ' అంటే ఒక్కరు, 'యూ' అంటే చాలామంది. 13వ శతాబ్దం నుంచి ఫ్రెంచి మర్యాదల ప్రభావంతో పెద్దవాళ్లని ఒక్కరే ఉన్నా బహువచనంలో పిలవడం ఇంగ్లండులో మొదలైంది, అచ్చం మన మీరు లాగే. దౌ మెల్లగా నౌకర్లకి, పిల్లలకి, బాగా దగ్గరివాళ్లకి, దేవుడికి మిగిలింది (దేవుణ్ణి ఏకవచనంలో పిలవడంలో వాళ్లకీ మనకీ తేడా లేదు). పెద్దమనిషిని దౌ అన్నారంటే తిట్టినట్టే. 1603లో వించెస్టర్‌లో పేరున్న నావికుడు సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ కోపం పట్టలేక 'ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్' అని అరిచాడు. నిన్ను నువ్వు అనే అంటాను, ద్రోహీ అని. తిట్టు ద్రోహీ అన్న మాటలోనే కాదు, ఆ నువ్వులో కూడా ఉంది. మనూళ్లలో తగాదా ముదిరి 'మీరు' కాస్తా 'ఒరేయ్' దగ్గరికి దిగినప్పుడు ఏం జరుగుతుందో అదే జరిగింది.

17వ శతాబ్దం మధ్యలో జార్జి ఫాక్స్ అనే ఆయన వెనక నడిచిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు దీన్ని తిరగేశారు. దేవుడి ముందు అందరూ ఒకటే కదా, మనిషి మనిషికీ ఒక మాటేంటని జడ్జీలనీ జమీందార్లనీ కూడా దౌ అనడం మొదలుపెట్టారు. టోపీ తీయరు, పైగా నువ్వు అంటారు. తిట్లూ దెబ్బలూ బాగానే తిన్నారు. అందర్నీ నువ్వు అనే స్థాయికి దించాలని వాళ్లు చూస్తే, సమాజం దానికి సరిగ్గా ఎదురుదారిలో వెళ్లింది. నగరాలు పెరిగి, ఎవడు డబ్బున్నవాడో ఎవడు కాదో బట్టలు చూసి చెప్పలేని రోజులు వచ్చేసరికి, ఎందుకొచ్చిన గొడవ, అందర్నీ యూ అనేస్తే పోలా అనుకున్నారు. ఆ శతాబ్దం ముగిసేసరికి మర్యాదస్తుల భాషలో దౌ దాదాపు మాయమైంది, యార్క్‌షైర్ లాంటి చోట్ల మాత్రం పల్లె యాసలో బతికింది. అంటే ఇవాళ మనం సమానత్వానికి గుర్తుగా చెప్పుకునే యూ, పుట్టుక ప్రకారం నువ్వు కాదు, మీరు. అందరికీ ప్రమోషన్ ఇచ్చేసి ఆ పదానికున్న విలువే లేకుండా చేశారు.

మరి మర్యాద చూపించాల్సిన అవసరం ఎక్కడికి పోయింది? ముందుగా కాలంలోకి పోయింది, వ్యాకరణంలో ఉండే కాలం. 'కెన్ యూ' కంటే 'కుడ్ యూ' మర్యాద, దానికంటే 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్' ఇంకా మర్యాద. అడుగుతున్నది ఇప్పుడే, కావలసింది ఇప్పుడే, కానీ వాక్యం భూతకాలంలో ఉంటుంది. అడిగేవాడు తన కోరికని తన నుంచి కొంత దూరం జరిపి, నువ్వు కాదన్నా నేనేం అనుకోను అన్నట్టు నిలబడతాడు. తెలుగులో 'మీతో ఒక మాట చెబుదామని వచ్చానండీ' అన్నప్పుడు ఆ 'అండీ' చేసే పనిని అక్కడ క్రియ చేస్తోంది.

హైదరాబాద్ ఆఫీసుల్లో దీనివల్ల జరిగే తమాషా ఒకటుంది. ఆన్‌సైట్ నుంచి మేనేజరు కొత్తగా చేరిన కుర్రాడికి 'యూ మైట్ వాంట్ టు టేక్ ఎ లుక్ ఎట్ దిస్' అని మెయిల్ పెడతాడు. కుర్రాడు దాన్ని మాటకి మాటగా అర్థం చేసుకుంటాడు, కావాలంటే చూడు, లేకపోతే లేదు అని. తీరిగ్గా సోమవారం చూద్దాంలే అనుకుంటాడు. ఆ వాక్యానికి అసలు అర్థం 'ముందు ఇది చూడు, మిగతావి తర్వాత' అని సోమవారం కాల్‌లో తెలుస్తుంది. ఇటు నుంచి అటు వెళ్లే మెయిల్‌లోనూ ఇదే తంటా. 'ప్లీజ్ సెండ్ ద ఫైల్ టుడే' అని రాసినవాడు ప్లీజ్ పెట్టాను కదా, ఇంకేం కావాలి అనుకుంటాడు. చదివినవాడికి అది ఆర్డర్ వేసినట్టు వినిపిస్తుంది, ఎందుకంటే ఆ వాక్యంలో కాదనడానికి సందు లేదు. మర్యాద ప్లీజ్‌లో ఉందని బడిలో చెప్పారు గానీ, అది ఆ సందులో ఉందని ఎవరూ చెప్పలేదు.

మర్యాద చేరిన రెండో చోటు పేరు, ఇది ఇంకా పదునైనది. పేరు పెట్టి పిలవడమే ఇవాళ అమెరికా ఆఫీసుల్లో ఆనవాయితీ, సీఈఓ కూడా జాన్ లేదా సత్య. కానీ అరవై ఏళ్ల కిందట అదే దేశంలో అదే పని అవమానం. 1963లో అలబామా రాష్ట్రంలోని గాడ్స్‌డెన్‌లో పౌరహక్కుల నిరసనల్లో అరెస్టయిన మేరీ హామిల్టన్ అనే నల్లజాతి యువతిని కోర్టులో ప్రాసిక్యూటర్ 'మేరీ' అని పిలిచి ప్రశ్నలు మొదలుపెట్టాడు. తనని మిస్ హామిల్టన్ అని పిలిస్తేనే జవాబు చెబుతానంది ఆమె. జవాబు చెప్పి తీరాలని జడ్జి ఆదేశించాడు, ఆమె కదల్లేదు, కోర్టు ధిక్కారం కింద జైలు, 50 డాలర్ల జరిమానా. అక్కడి వాడుక ఏంటంటే తెల్లవాళ్లకి మిస్టర్, మిసెస్, మిస్. నల్లవాళ్లకి ఎంత వయసొచ్చినా ఉత్త పేరు, మగవాళ్లయితే ఒక్కోసారి అదీ లేదు, 'బాయ్'. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసింది. ఆ కోర్టు హాల్లో ప్రతివాళ్లూ ప్రతివాళ్లనీ యూ అనే అన్నారు. యూ ఎంత సమానంగా ఉన్నా ఎవరి స్థానం ఏంటో చెప్పడానికి పేరు ముందు ఒక్క మాట ఉండటం, లేకపోవడం సరిపోయింది.

ఎదుటివాళ్ల సంగతి ఇది. ఇంగ్లీషువాడు తన గురించి తను ఏం చెప్పుకుంటాడో చూద్దాం. ముందు ఒక అపోహ తీసేయాలి: 'ఐ' ని పెద్ద అక్షరంతో రాస్తారు కాబట్టి వాళ్లకి అహం ఎక్కువ అనేది. పాత ఇంగ్లీషులో అది 'ఇచ్' లాంటి మాట, అరిగి అరిగి ఒక్క అక్షరం మిగిలింది. చేతిరాతలో ఒంటరిగా నిలబడ్డ చిన్న గీత పక్క పదాల్లో కలిసిపోతుంది, కనపడదు, అందుకని పొడుగ్గా రాయడం అలవాటైంది. రాతగాళ్ల ఇబ్బందిలోంచి పుట్టిన అలవాటు, మనస్తత్వంతో దానికి సంబంధం లేదు.

ఐ అన్న మాట ఎంత తరచుగా వస్తుందనేది మాత్రం చాలా చెబుతుంది, అదీ మనం అనుకునేదానికి తలకిందులుగా. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి చిన్న చిన్న మాటల్ని ఏళ్ల తరబడి కంప్యూటర్‌తో లెక్కపెట్టించాడు. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఐ ఎక్కువ వాడేది సాధారణంగా కింది హోదాలో ఉన్నవాళ్లని తేలింది. విద్యార్థి ప్రొఫెసర్‌కి రాసే మెయిల్ ఊహించుకుంటే అర్థమవుతుంది. నేను మీ క్లాసులో ఉన్నాను, నేను మొన్న రాలేకపోయాను, నేను అడగొచ్చో లేదో... అటు నుంచి వచ్చే జవాబు 'గురువారం వీలవుతుంది', అంతే. పెద్దకుర్చీలో ఉన్నవాడు పని వైపు చూస్తాడు, కిందివాడు తనవైపు తాను చూసుకుంటాడు, ఎలా కనిపిస్తున్నానో ఏమోనని. దిగులులో ఉన్నవాళ్ల రాతల్లో కూడా ఐ ఎక్కువగా కనిపించింది. ఈ సంగతి తెలియకే ఒబామా అధ్యక్షుడయ్యాక అమెరికా వ్యాఖ్యాతలు కొందరు ఆయన ప్రసంగాల నిండా ఐ ఐ ఐ అని గోల చేశారు. మార్క్ లిబర్మన్ అనే భాషాశాస్త్రవేత్త కూర్చుని లెక్కపెట్టి చూస్తే ముందటి అధ్యక్షుల కంటే ఆయనేం ఎక్కువ వాడలేదు. గర్వం వాళ్లకి వినిపించింది గానీ లెక్కలో లేదు.

తన గురించే చెప్పుకుంటూ ఐ ని పక్కనపెట్టేసే సందర్భం ఇంకోటుంది. మ్యాచ్ ఓడిపోయిన కెప్టెన్‌ని మైకు ముందు నిలబెట్టినప్పుడు వినండి. 'యూ వర్క్ హార్డ్, యూ ప్రిపేర్, అండ్ సమ్‌టైమ్స్ ఇట్ డజన్ట్ కమ్ ఆఫ్.' ఆ యూ ఎవరు? మైకు పట్టుకున్నవాడు కాదు, టీవీ చూసేవాళ్లూ కాదు, కెప్టెనే. నేను కష్టపడ్డాను, నాకు రాలేదు అంటే గుండెల్లో గుచ్చుకుంటుంది, ఎవరికైనా ఇంతే అంటే కొంచెం తేలిక. మనుషులు తమకి జరిగిన చేదు అనుభవాలకి అర్థం వెతుక్కునేటప్పుడు ఈ అందరి యూ ఎక్కువగా వాడతారని 2017లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తెలుగులో ఈ పని చేసేది 'మనం' అన్న మాట. 'మనం ఎంత చేసినా పిల్లలు వినరండీ' అన్నావిడ తన పిల్లల గురించే చెబుతోంది, పక్కావిణ్ణి కూడా కాస్త లోపలికి లాక్కుంటోంది.

మనం, మేము అనే తేడా ఇంగ్లీషుకి లేకపోవడం వల్ల అక్కడి 'వుయ్' కి దొరికిన స్వేచ్ఛ అంతా ఇంతా కాదు. కంపెనీ పెద్ద 'వుయ్ ఆర్ ఎ ఫ్యామిలీ' అన్నప్పుడు మనం. రెండు నెలలకి 'వుయ్ హావ్ డిసైడెడ్ టు లెట్ యూ గో' అన్నప్పుడు మేము. మాట మారలేదు, వినేవాడు మాత్రం బయటికి వెళ్లిపోయాడు. తెలుగులో ఆ రెండో వాక్యం చెప్పాలంటే మేము అనక తప్పదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, మనిషి తనకి ఒక తూకం, ఎదుటివాడికి ఒక తూకం వాడటం. 1948లో బీబీసీ రేడియో కార్యక్రమంలో తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ ఒక క్రియారూపం చెప్పాడు. 'ఐ యామ్ ఫర్మ్, యూ ఆర్ ఆబ్‌స్టినేట్, హీ ఈజ్ ఎ పిగ్‌హెడెడ్ ఫూల్.' నేను మాట మీద నిలబడతాను, నువ్వు మొండికేస్తావు, వాడు మూర్ఖుడు. బడిలో క్రియాపదాలు వల్లె వేసినట్టు చెప్పిన జోకు, కానీ జోకులో మూడు మెట్లూ సరిగ్గా పట్టుకున్నాడు. ముగ్గురూ చేసింది ఒకటే, మాట మార్చకపోవడం. తనకైతే మంచి మాట, ఎదురుగా ఉన్నవాడికి కాస్త చురక, ఇక్కడ లేనివాడికి తిట్టు. తెలుగులో ఈ మెట్లు లేవని కాదు, మనవాడైతే జాగ్రత్తపరుడు, పక్కింటివాడైతే పిసినారి. ఇంగ్లీషుకి ఉన్న అదనపు సౌకర్యం ఏంటంటే, ఒక్కో గుణానికి పాత ఇంగ్లీషు, ఫ్రెంచి, లాటిన్ నుంచి వచ్చిన మాటలు మూడేసి నాలుగేసి ఉంటాయి, ఒక్కోదాని రంగు ఒక్కోటి. తీర్పు చెప్పాల్సిన పని లేదు, మాట ఎంచుకుంటే చాలు, తీర్పు దానంతట అదే వచ్చేస్తుంది. పైకి వర్ణన లాగే ఉంటుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇది జోకుగా మిగిలితే బాగుండేది. 2014లో కీరన్ స్నైడర్ అనే భాషాశాస్త్ర నేపథ్యమున్న టెక్ ఉద్యోగిని, టెక్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు తమంతట తాము ఇచ్చిన 248 పనితీరు సమీక్షలు తీసుకుని చదివింది. 'అబ్రేసివ్', అంటే గరుకు మనిషి, అన్న మాట 13 మంది ఆడవాళ్ల సమీక్షల్లో 17 సార్లు వచ్చింది. మగవాళ్ల సమీక్షల్లో ఒక్కసారీ రాలేదు. చిన్న నమూనా, దాంతో లోకమంతా ఇంతే అని తేల్చేయకూడదు. అయినా మీటింగ్‌లో గట్టిగా మాట్లాడిన మగవాణ్ణి 'అసర్టివ్' అని రాసిన చేత్తోనే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ఇంకో మాట రాసే మేనేజర్లు ఉంటారంటే, అప్రైజల్స్ చూసినవాళ్లెవరూ ఆశ్చర్యపోరు. రసెల్ చెప్పిన వరసలో మూడో మెట్టు మీద ఎవరిని నిలబెడుతున్నామన్నదే ప్రశ్న.

వరసని ఇంకోసారి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. మొదటి రెండు మెట్ల మీద విశేషణాలున్నాయి, మూడోవాడికి నామవాచకం వచ్చింది, ఫూల్. ఇంగ్లీషులో దూరం పెరిగేకొద్దీ మనిషి చేసే పని కాస్తా మనిషికి పేరైపోతుంది. నేను అప్పుడప్పుడూ తాగుతాను, వాడు తాగుబోతు. మనం చేసినదానికి పరిస్థితుల్ని, ఎదుటివాడు చేసినదానికి వాడి స్వభావాన్ని కారణంగా చూపిస్తామని 1971లో జోన్స్, నిస్బెట్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. తర్వాత 2006లో బెర్ట్రామ్ మాలె అనే ఆయన 170కి పైగా అధ్యయనాలు కలిపి చూస్తే అది అనుకున్నంత బలంగా లేదు, ముఖ్యంగా చెడు జరిగినప్పుడే పైకి తేలింది. చెడు జరిగినప్పుడే కదా మరి పేర్లు పెట్టేది.

ఈ పేర్లు పెట్టే పని పెద్ద ఎత్తున జరిగేది వలస వచ్చినవాళ్ల విషయంలో. 2013లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన రాత నియమాల్లోంచి 'ఇల్లీగల్ ఇమిగ్రెంట్' తీసేసింది. పని చట్టవిరుద్ధం అవుతుంది గానీ మనిషి ఎలా అవుతాడన్నది వాళ్ల వాదన. చట్టంలో మాత్రం విదేశీయుడన్న అర్థంలో 'ఏలియన్' అలాగే కూర్చుని ఉంది. హెచ్1బీ మీద డాలస్‌లో దిగిన మన కుర్రాడు మొదటి ఏడాది పన్ను కాగితాల్లో 'నాన్‌రెసిడెంట్ ఏలియన్' అన్న మాట చూసి, గ్రహాంతరవాసిగా నమోదయ్యానని వాట్సాప్‌లో ఫోటో పెట్టడం మామూలే. నవ్వుకోవడానికి బాగుంటుంది, ఎందుకంటే ఉద్యోగం ఉంది. గల్ఫ్‌లో తేడా అంత నవ్వులాటగా ఉండదు. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లి భవనాలు కట్టేవాడూ, లండన్ నుంచి వచ్చి ఆ భవనంలో ఆఫీసు నడిపేవాడూ ఇద్దరూ కాంట్రాక్టు మీద వచ్చిన పరదేశీయులే, కాంట్రాక్టు అయిపోతే ఇద్దరూ వెళ్లిపోవాల్సినవాళ్లే. ఇంగ్లీషు పత్రికల్లో మాత్రం ఒకడు మైగ్రెంట్ వర్కర్, ఒకడు ఎక్స్‌పాట్. పాస్‌పోర్టు, జీతం, ఒంటి రంగు మూడూ కలిపి మాటని ఎంచుతున్నాయి.

ఇలా మాట ఎంచడం కొత్తేం కాదు, ఇంగ్లీషు నిఘంటువు పొరల్లో పాతవి గడ్డకట్టి ఉన్నాయి. మన సినిమాల్లో విలన్ అంటే ఎవరో పిల్లలకి కూడా తెలుసు, ఆ మాటకి మొదటి అర్థం జమీందారు భూమిలో కట్టుబడి పనిచేసే పల్లెటూరివాడు. 'బూర్', అంటే మొరటువాడు, అనే ఇంకో తిట్టు కూడా రైతు నుంచే వచ్చింది. 'జెంటిల్', 'నోబుల్' మాత్రం పుట్టుకలో గొప్పవాళ్లని చెప్పే మాటలు, ఇప్పుడు మంచితనానికి పేర్లు. రాసేవాళ్లు, చదివేవాళ్లు ఎటువైపు ఉన్నారో ఇంకొకరు చెప్పక్కర్లేదు. దొర అంటే దొరతనం, కూలి అంటే కూలి బుద్ధి అయినట్టే.

వ్యాకరణం కూడా తటస్థంగా ఉండదనడానికి ఒక కేసు చాలు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాష కురచ చేయడానికి ఒక నియమం తెచ్చింది, చట్టంలో పుంలింగంలో ఉన్న మాటలకి స్త్రీలు కూడా లోబడతారు, వేరేగా చెబితే తప్ప అని. 1867 సంస్కరణ చట్టం ఓటు హక్కు గురించి చెబుతూ 'మ్యాన్' అన్నది. అయితే మేమూ వస్తాం కదా అని మాంచెస్టర్‌లో 5 వేల మందికి పైగా మహిళలు ఓటర్లుగా నమోదు కోరారు. 1868లో కోర్టు కుదరదంది. పన్ను కట్టేటప్పుడు, శిక్ష పడేటప్పుడు మ్యాన్‌లో ఆడవాళ్లు ఉన్నారు, ఓటు దగ్గరికి వచ్చేసరికి లేరు. 'హీ' అంటే అందరూ అని నేర్పిన వ్యాకరణ పుస్తకాల మీద ఆడవాళ్లకి నమ్మకం పోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ఒక్క మనిషికి 'దే' వాడటం ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అని కోప్పడేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఎవరో తెలియని ఒక్క మనిషికి దే వాడటం 14వ శతాబ్దం నుంచే ఉంది, అంటే యూ ఏకవచనం కింద స్థిరపడటానికి చాలా ముందు నుంచే. ఈమధ్య వచ్చింది ఏంటంటే, ఎదురుగా ఉన్న తెలిసిన మనిషి, నన్ను ఇలా పిలవండి అని అడగడం. మేరీ హామిల్టన్ అడిగింది కూడా అదే కోవలోది.

ఎవరి పేరు వాళ్లే పెట్టుకుంటామంటే తగాదా ఆగిపోతుందనుకుంటే పొరపాటే. వైకల్యాన్ని ముందు పెట్టకుండా మనిషిని ముందు పెట్టాలి, 'బ్లైండ్ పర్సన్' అనొద్దు, 'పర్సన్ విత్ బ్లైండ్‌నెస్' అనాలి అని అమెరికాలో మంచి ఉద్దేశంతోనే ఒక ఉద్యమం నడిచింది. దానికి అడ్డం తిరిగింది అంధుల సంఘమే. నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ద బ్లైండ్ 1993లో ఏకంగా తీర్మానం చేసింది, ఈ డొంకతిరుగుడు మాకు వద్దు, అంధత్వం సిగ్గుపడాల్సిన విషయమైతేనే కదా దాన్ని వాక్యం చివరికి తోసేది అని. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామంది కూడా 'ఆటిస్టిక్' అనే అనమంటున్నారు, డాక్టర్లలో చాలామందికి మాత్రం 'పర్సన్ విత్' పద్ధతే ఇష్టం. ఈ రెండు చోట్లా 'పర్సన్ విత్' అనేదాన్ని పట్టుబట్టి వాడేవాళ్లు ఎక్కువగా బయట నుంచి చూసేవాళ్లే కావడం గమనించాల్సిన విషయం. 'పర్సన్ విత్ టాలెంట్' అని ఎవరూ అనరు, టాలెంటెడ్ అంటే ఎవరికీ బాధ లేదు మరి.